అతుకు దగ్గర విరిగిన కవాటం

నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండె ఏడాది తిరిగేసరికి దాదాపు 3.7 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. పాడైన కవాటాన్ని తీసేసి ఆ చోట కృత్రిమ కవాటాన్ని కుడితే, అది కూడా అన్నిసార్లూ తెరుచుకోవాలి, అన్నిసార్లూ మూసుకోవాలి. మధ్యలో ఆపి బాగుచేయడానికి వీల్లేదు. అందుకే గట్టి డిస్కుతో పనిచేసే కవాటాలను ప్రయోగశాలలో 40 కోట్ల సార్లు తెరిచి మూసి చూడాలని అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది. అంటే పదేళ్లకు పైబడిన గుండె చప్పుళ్లు. మందులు, విమానాలు, వైద్య పరికరాలు, అణు విద్యుత్తు వంటి రంగాల్లో ఇలాంటి కఠిన నియమాలు అడుగడుగునా ఉంటాయి. వస్తువు చెడితే ప్రాణాలు పోయే రంగాలివి. కొనేవారికి నాణ్యతను తేల్చుకునే దారి లేదు కాబట్టి ప్రభుత్వమే కాపలా కాస్తుంది. అయినా ఈ రంగాల్లోనూ వస్తువులు విఫలమవుతున్నాయి. ఆ వైఫల్యాల చరిత్ర చదువుతుంటే ఒక విషయం పదేపదే ఎదురవుతుంది. తప్పు డిజైను గదిలోనో కార్ఖానాలోనో విడిగా దొరకదు. ఒకరు గీసినదాన్ని మరొకరు తయారుచేసేటప్పుడు, ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా తెలియని చోట అది దాక్కుని ఉంటుంది. డిజైను, అభివృద్ధి, తయారీ అనే మూడు పనులూ మొదటి రోజు నుంచే ఒకే జట్టు కింద సాగాలని వాదించడానికి ఇదే ఆధారం. ఆ కలయికకు నియంత్రణ చట్టాలే అడ్డమని చాలామంది ఇంజనీర్లు అనుకుంటారు. నిజానికి ఆ చట్టాలు సరిగ్గా ఆ కలయికనే కోరుతున్నాయి.

బ్యార్క్-షైలీ కాన్వెక్సో-కాంకేవ్ కవాటం కథ ఇందుకు తిరుగులేని సాక్ష్యం. స్వీడన్ శస్త్రవైద్యుడు వైకింగ్ బ్యార్క్, కాలిఫోర్నియాలో డొనాల్డ్ షైలీ స్థాపించిన కంపెనీ కలిసి 1969 నుంచే పక్కకు ఒరిగి తెరుచుకునే డిస్కు కవాటాలను రూపొందిస్తున్నారు. డిస్కు చుట్టూ రక్తం గడ్డకట్టడం అప్పట్లో పెద్ద సమస్య. రక్తం ఇంకా ధారాళంగా పారేలా డిస్కు ఆకారాన్ని ఒకవైపు ఉబ్బుగా, మరోవైపు పల్లంగా మార్చి 1979లో కొత్త నమూనాను విపణిలోకి తెచ్చారు. దీని నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కోబాల్టు-క్రోమియం మిశ్రలోహంతో చేసిన ఉంగరం, దాని లోపల నాణెం లాంటి కార్బన్ డిస్కు. డిస్కు జారిపోకుండా రెండువైపులా వంచిన తీగల్లాంటి రెండు కమ్మీలు, ఇంజనీర్ల భాషలో స్ట్రట్‌లు. రక్తం లోపలికి వచ్చే వైపు స్ట్రట్ ఉంగరంతో పాటే ఒకే లోహపు ముక్కలోంచి చెక్కినది. బయటికి పోయే వైపు స్ట్రట్ మాత్రం విడిగా చేసిన తీగ. దాని రెండు కాళ్లనూ ఉంగరానికి వెల్డు చేశారు. వెల్డు చేసిన ఆ స్ట్రట్టే విరిగింది. మొదట ఒక కాలు చిట్లుతుంది, కొంతకాలానికి రెండోది. ఆ క్షణాన డిస్కు ఊడి రక్తంతో పాటు కొట్టుకుపోతుంది. గుండెలో తలుపే లేకుండా పోతుంది.

ఈ రకం కవాటాన్ని ప్రపంచవ్యాప్తంగా దాదాపు 86,000 మందికి అమర్చారు. స్ట్రట్ విరిగిన కేసులు 600కు పైగా నమోదయ్యాయి. వాటిలో సుమారు మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. మార్కెట్లోకి రాకముందే, క్లినికల్ పరీక్షల దశలోనే ఒక స్ట్రట్ విరిగింది. అయినా అమ్మకాలు 1986 నవంబరు దాకా సాగాయి. ఇంతకాలం ఎందుకు సాగాయన్న ప్రశ్నకు లాభాపేక్ష ఒక జవాబు, దాన్ని కాదనలేం. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు నిజాలు చెప్పలేదన్న ఆరోపణలపై, ఆ కవాటం అమ్ముడైన కాలంలో కంపెనీ యజమానిగా ఉన్న ఫైజర్ 1994లో అమెరికా న్యాయశాఖకు కోటి డాలర్లకు పైగా చెల్లించి రాజీపడింది. కానీ సాంకేతికంగా ఇంకో జవాబు కూడా ఉంది, మనకు అదే ముఖ్యం. స్ట్రట్ విరిగిన ప్రతిసారీ దాన్ని వెల్డింగ్ లోపంగానే చూశారు. వెల్డు చేసే పద్ధతి మార్చారు, తనిఖీ పెంచారు, ఇక సమస్య తీరిందనుకున్నారు. కొన్నాళ్లకు మళ్లీ విరిగేది.

అసలు సంగతి తర్వాతి పరిశోధనల్లో తేలింది. మూసుకునేటప్పుడు డిస్కు ఒక్కోసారి తన హద్దును కొద్దిగా దాటి తిరిగి, స్ట్రట్ కొసను తాకుతోంది. ఆ తాకిడికి స్ట్రట్ కంటికి కనబడనంతగా వంగి మళ్లీ నిలబడుతోంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక క్షణాన పుటుక్కున తెగినట్టే, కోట్లసార్లు అలా వంగిన లోహంలో బలహీనమైన చోట బీట పుడుతుంది. బలహీనమైన చోటు ఏదంటే వెల్డే. ఆ తాకిడిని తెచ్చింది డిజైను. దాన్ని తట్టుకోలేని అతుకును ఇచ్చింది తయారీ. డిజైనర్లు తమ లెక్కల్లో ఆ తాకిడికి తగిన విలువ ఇవ్వలేదు, కాబట్టి వెల్డర్లకు ఎంత గట్టి అతుకు కావాలో ఎవరూ చెప్పలేకపోయారు. వెల్డర్ల చేతిలో ఎన్ని అతుకులు సరిగా కుదరడం లేదో, ఎన్నింటిని మళ్లీ వెల్డు చేయాల్సి వస్తోందో డిజైను బల్ల దగ్గరికి చేరలేదు, చేరినా డిజైనును ప్రశ్నించే కారణంగా మారలేదు. గణాంకాలు కూడా ఇదే చెబుతున్నాయి. పెద్ద సైజు కవాటాల్లో, డిస్కు 60 డిగ్రీలకు బదులు 70 డిగ్రీల దాకా తెరుచుకునే రకంలో విరగడం ఎక్కువ. ఇవి డిజైనుకు చెందిన కారణాలు. అదే సమయంలో కవాటాన్ని ఏ కాలంలో తయారుచేశారన్న దాన్నిబట్టి కూడా ప్రమాదం మారింది. అది తయారీకి చెందిన కారణం. రెండూ ఒకే కవాటంలో కలిసినప్పుడే మనిషి చనిపోయాడు. డిజైనుదే తప్పని, కాదు తయారీదేనని విడివిడిగా వాదించుకున్నంత కాలం ఇద్దరి దగ్గరా సగం సత్యమే ఉంది.

పరిష్కారం ఎంత సరళంగా దొరికిందో చూస్తే బాధ కలుగుతుంది. తర్వాత వచ్చిన మోనోస్ట్రట్ నమూనాలో ఉంగరం, స్ట్రట్‌లు అన్నీ ఒకే లోహపు ముక్కలోంచి చెక్కారు. అతుకే లేదు కాబట్టి అతుకు దగ్గర విరగడమన్న ప్రశ్నే రాదు. వెల్డింగ్‌ను ఎంత మెరుగుపరిచినా దొరకని భద్రత, తయారీ కష్టాన్ని డిజైను ప్రశ్నగా మార్చగానే దొరికింది.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. 1978లో అమెరికా వైద్య పరికరాల తయారీకి పెట్టిన నిబంధనలు కార్ఖానాకే పరిమితం. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు తయారైందా లేదా అన్నదే తనిఖీ. డ్రాయింగే తప్పయితే దాన్ని అడిగే అధికారం ఆ నిబంధనల్లో లేదు. తప్పుడు డిజైనును నూటికి నూరుపాళ్లు నమ్మకంగా తయారుచేసిన కంపెనీకి మంచి మార్కులే పడేవి. 1983 అక్టోబరు నుంచి 1989 సెప్టెంబరు దాకా ఆరేళ్లలో కంపెనీలు వెనక్కి తీసుకున్న పరికరాలను ఎఫ్‌డీఏ పరిశీలించి 1990లో ఒక నివేదిక వెలువరించింది. ఆ రీకాళ్లకు దారితీసిన నాణ్యతా లోపాల్లో దాదాపు 44 శాతం డిజైనులోనే ఉన్నాయని, సరైన డిజైను నియంత్రణ ఉంటే వాటిని నివారించగలిగేవారని అందులో తేలింది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చి, తయారీకి ముందు దశను కూడా నియంత్రించే అధికారం ఎఫ్‌డీఏకు ఇచ్చింది. ఆ అధికారంతో రూపొందిన కొత్త నిబంధనలు 1997 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. షైలీ కవాటం వంటి ఉదంతాలు ఆ మార్పుకు వెనక ఉన్న ఒత్తిడిలో భాగం.

ఆ నిబంధనల్లో ఒక వాక్యాన్ని ప్రతి వైద్య పరికరాల ఇంజనీరూ గోడకు అంటించుకోవాలనిపిస్తుంది. డిజైను పనికొస్తుందని చివరిగా నిరూపించే వాలిడేషన్‌ను తొలి ఉత్పత్తి బ్యాచుల మీద గానీ, వాటికి సమానమైన వాటి మీద గానీ చేయాలన్నది దాని సారాంశం. అంటే ప్రయోగశాలలో నేర్పరి అయిన మెకానిక్కు ఒక్కొక్కటిగా చేసిన నమూనాలు సరిపోవు, కార్ఖానాలో మామూలు పనివాళ్లు మామూలు యంత్రాల మీద చేసిన వస్తువే పరీక్షకు నిలవాలి. ఇది ఎంత ముఖ్యమో ఒక చిన్న ప్లాస్టిక్ భాగాన్ని తీసుకున్నా తెలుస్తుంది. మందును నెమ్మదిగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులో వాడే క్లిప్పునే చూడండి. నమూనా దశలో దాన్ని ప్లాస్టిక్ దిమ్మెలోంచి సీఎన్‌సీ యంత్రం మీద కోసి తీస్తారు. అది అంతటా ఒకే తీరుగా, గట్టిగా ఉంటుంది. అమ్మకానికి వచ్చేసరికి అదే క్లిప్పును అచ్చులో కరిగిన ప్లాస్టిక్‌ను పోసి లక్షల్లో తీస్తారు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. దళసరిగా ఉన్నచోట పైన గుంట పడుతుంది. అచ్చులో రెండు ధారలు వచ్చి కలిసిన గీత దగ్గర బలం తగ్గుతుంది. ఆ గీత సరిగ్గా క్లిప్పు వంగే చోట పడితే, నమూనా మీద చేసిన వేల పరీక్షలు ఈ క్లిప్పుకు వర్తించవు, ఎందుకంటే ఆకారం ఒకటే అయినా ఇది వేరే వస్తువు. అచ్చు తయారుచేసే మనిషి మొదటి సమావేశంలోనే కూర్చుని ఉంటే, ప్లాస్టిక్ ఏ వైపు నుంచి పోయాలో, గీత ఎక్కడ పడుతుందో చెప్పేవాడు. డిజైనరు దళసరి తగ్గించేవాడు. అప్పుడు అయ్యే ఖర్చు ఒక మధ్యాహ్నం చర్చ. అచ్చు కోసేశాక అదే మార్పుకు కొత్త అచ్చు, మళ్లీ పరీక్షలు, మళ్లీ అనుమతులు కావాలి.

ఇదే దృష్టి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 13485లోనూ ఉంది. డిజైనును ఉత్పత్తికి బదిలీ చేయడమన్న ప్రక్రియను అది ప్రత్యేకంగా పేర్కొంటుంది. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మన దేశపు వైద్య పరికరాల నిబంధనలు, 2017లో కూడా డిజైను, అభివృద్ధి నాణ్యతా వ్యవస్థలో భాగమే. కానీ ఆచరణలో బదిలీ అన్నదాన్ని ఒక తేదీగా చూడటం ఎక్కువ. డిజైను విభాగం సంతకాలు పూర్తిచేసి ఫైళ్లు అప్పగిస్తుంది, తయారీ విభాగం సంతకం పెట్టి తీసుకుంటుంది, ఆ రోజుతో ఇద్దరి సంబంధం తెగిపోతుంది. ఆడిటరు వచ్చినప్పుడు ఫైలు చక్కగా ఉంటుంది. నిబంధన కోరినది ఫైలు కాదు, తయారుచేసేవారి జ్ఞానం డిజైనులోకి, డిజైనరు ఉద్దేశం తయారీలోకి ప్రవహించడం. ఆ ప్రవాహం జరిగిందనడానికి సాక్ష్యంగా మాత్రమే ఫైలు.

మన దేశంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య విజ్ఞాన సంస్థలో 1970ల చివర్లో స్వదేశీ గుండె కవాటం పని మొదలైంది. కీళ్లవాతపు జ్వరం వల్ల చిన్న వయసులోనే గుండె కవాటాలు పాడైనవారు మన దేశంలో లక్షల్లో ఉండేవారు. దిగుమతి కవాటం ధర సామాన్యుడికి అందేది కాదు. ఆ సంస్థ అప్పటి డైరెక్టరు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ స్వయంగా గుండె శస్త్రవైద్యుడు. ఆయన ఆసుపత్రినీ ఇంజనీర్లు పనిచేసే బయోమెడికల్ విభాగాన్నీ ఒకే సంస్థ కిందకు తెచ్చారు. తొలి నమూనాలో స్ట్రట్‌ను వెల్డు చేశారు. పరీక్షల్లో ఆ అతుకు దగ్గర లోహం పెళుసుబారి స్ట్రట్ విరిగింది. కాలిఫోర్నియా కవాటంలో మనుషుల ప్రాణాలు తీసిన లోపమే ఇక్కడ పరీక్షల దశలోనే దొరికిపోయింది. అతుకు తీసేసి చట్రాన్ని ఒకే ముక్కలోంచి చెక్కారు. డిస్కుకు నీలమణి స్ఫటికాన్ని ప్రయత్నించారు, అది కూడా నిలవలేదు. చివరికి నాలుగో నమూనాలో కోబాల్టు మిశ్రలోహపు చట్రం, చాలా ఎక్కువ అణుభారం గల పాలిథీన్ డిస్కు కుదిరాయి. 1990 డిసెంబరు 6న మొదటి రోగికి అమర్చారు. దేశంలోని పలు ఆసుపత్రుల్లో క్లినికల్ పరీక్షలు పూర్తయ్యాక, 1990ల మధ్య నుంచి టీటీకే సంస్థ దాన్ని తయారుచేసి అమ్ముతోంది. ఇప్పటిదాకా లక్షకు పైగా కవాటాలు మనుషుల గుండెల్లోకి చేరాయి.

ఇక్కడ మూడు నమూనాలు విఫలమైన సంగతి కన్నా, అవి ఎలా విఫలమయ్యాయన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. వెల్డు విరగగానే ఇంకా మంచి వెల్డరు కోసం వెతకడంతో సరిపెట్టలేదు, వెల్డే అక్కర్లేని ఆకారం కోసం వెతికారు. డిస్కు పదార్థాన్ని ఎన్నుకున్నప్పుడు కేవలం గట్టిదనాన్ని చూడలేదు, లోహంతో రాసుకుంటే ఏది ఎంత అరుగుతుంది, విరిగితే ఏమవుతుంది, మన దగ్గర దాన్ని తయారుచేయగలమా అన్నవన్నీ ఒకేసారి చూశారు. కార్బన్ డిస్కు తయారుచేసే సాంకేతికత అప్పట్లో కొద్ది విదేశీ సంస్థల చేతుల్లోనే ఉండేది. దానికోసం ఎదురుచూసి ఉంటే స్వదేశీ కవాటం కాగితం మీదే ఉండేది. శస్త్రవైద్యుడు, లోహశాస్త్రవేత్త, యంత్రం మీద చెక్కే పనివాడు ఒకే జట్టుగా పనిచేయడంతో ప్రశ్న పుట్టిన చోటికీ జవాబు దొరికే చోటికీ మధ్య దూరం తగ్గింది. డబ్బు, అనుభవం, పరికరాలు అన్నీ తక్కువగా ఉన్న సంస్థ, అవన్నీ దండిగా ఉన్న కంపెనీ సకాలంలో చేయలేని పని చేయగలిగిందంటే అందులో ఈ దగ్గరితనానికి పెద్ద వాటా ఉంది.

తయారీ మొదలయ్యాక కూడా ఈ బంధం తెగకూడదనడానికి మందుల రంగం నుంచి ఒక హెచ్చరిక ఉంది. రక్తపోటుకు వాడే వాల్సార్టన్‌లో ఎన్‌డీఎంఏ అనే పదార్థం ఉందని 2018 జూలైలో బయటపడింది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదిగా గుర్తించిన పదార్థం. చైనాలోని ఝెజియాంగ్ హువాహై కంపెనీ 2011లో తయారీ పద్ధతి మార్చి, డీఎంఎఫ్ అనే ద్రావకాన్ని వాడటం మొదలుపెట్టింది. ఆ ద్రావకంలో కొంత భాగం విడిపోయి డైమిథైలమీన్ అవుతుంది. చర్య పూర్తయ్యాక మిగిలిపోయిన విషపూరితమైన అజైడ్‌ను నాశనం చేయడానికి సోడియం నైట్రైట్ కలుపుతారు. నైట్రైటూ ఆ అమీనూ ఆమ్ల వాతావరణంలో కలిస్తే పుట్టేది ఎన్‌డీఎంఏ. ఈ చర్య కొత్తగా కనిపెట్టింది కాదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. మరి ఏడేళ్ల దాకా ఇది ఎందుకు బయటపడలేదు? బ్యాచులను పరీక్షిస్తూనే ఉన్నారు, అవి పాసవుతూనే ఉన్నాయి. ఎన్‌డీఎంఏ కోసం వెతకాలని ఆ పరీక్షల జాబితాలో లేదు కాబట్టి అది కనబడలేదు. మార్పు చేసినప్పుడు దాని పర్యవసానాలను సరిగా అంచనా వేయలేదని ఎఫ్‌డీఏ తన హెచ్చరిక లేఖలో తప్పుబట్టింది. ఇది ఒక్క కంపెనీతో ఆగలేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే కంపెనీల వాల్సార్టన్ మందులు కూడా అదే ఏడాది ఇలాంటి మలినాల కారణంగా రీకాల్ అయ్యాయి. పరీక్ష అనేది మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఏ ప్రశ్న అడగాలో తెలిసినవాడు రసాయన మార్గాన్ని రూపొందించిన శాస్త్రవేత్త. మార్పు జరిగే రోజున అతను ఆ బల్ల దగ్గర లేకపోతే ప్లాంటు ఎంత పద్ధతిగా నడిచినా ప్రమాదమే.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. అన్నిటికన్నా బలమైనది తనిఖీ స్వతంత్రతకు సంబంధించినది. డిజైనరు, తయారీదారు, నాణ్యతాధికారి అందరూ ఒకే జట్టుగా తిరిగితే, తప్పును తప్పని చెప్పేదెవరు? స్నేహం పెరిగిన చోట సంతకం తేలికవుతుంది. బోయింగ్ 737 మ్యాక్స్ ఉదంతాన్ని ఇందుకు చూపిస్తారు. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో కూలిన రెండు విమానాల్లో కలిపి 346 మంది చనిపోయారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ తన తనిఖీ అధికారంలో చాలా భాగాన్ని బోయింగ్ ఉద్యోగులకే అప్పగించి ఉండటం అక్కడ నిజమే. ఆ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. సంతకం పెట్టే అధికారం, పెట్టనని చెప్పే అధికారం ఉత్పత్తి లక్ష్యాల ఒత్తిడి లేని వ్యక్తికే ఉండాలి. కానీ అదే ఉదంతాన్ని లోతుగా చూస్తే ఇంకో విషయం కూడా కనబడుతుంది. ముక్కును కిందికి వంచే ఎమ్‌క్యాస్ అనే వ్యవస్థ మొదట తోక రెక్కను ఒక్కోసారి 0.6 డిగ్రీలే కదిలించేలా ఉండేది. పరీక్షల దశలో దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. ఆ పెంపు ఎంత ప్రమాదకరమో అంచనా వేయాల్సిన వారందరికీ ఆ సంగతి సరిగా చేరలేదు. పైగా అది ఒకే ఒక్క సెన్సరు మాట నమ్మి పనిచేసేది. అంటే అక్కడ కలవకూడని అధికారాలు కలిశాయి, కలవాల్సిన సమాచారం మాత్రం విడివిడిగా ఉండిపోయింది. కాబట్టి అధికారం వేరుగా ఉండాలి, జ్ఞానం ఒక్కటిగా ఉండాలి. నాణ్యతాధికారి మొదటి రోజు నుంచే చర్చల్లో కూర్చోవాలి. ఎక్కువ తెలిసినవాడే గట్టిగా కాదనగలడు.

రెండో అభ్యంతరం ఇంజనీర్ల నుంచే వస్తుంది. నియంత్రిత రంగంలో ఒకసారి అనుమతి వచ్చాక చిన్న మార్పుకైనా మళ్లీ దరఖాస్తులు, మళ్లీ నెలల నిరీక్షణ. మెరుగుపరచడానికే భయపడే పరిస్థితిలో డిజైనర్లూ తయారీదారులూ కలిసి చర్చించి ఏం లాభమంటారు. ఈ బాధలో న్యాయం ఉంది. అనుమతుల భయంతో లోపమని తెలిసీ పాత పద్ధతినే కొనసాగించిన సందర్భాలు ప్రతి పరిశ్రమలోనూ ఉంటాయి. అయితే మార్పు ఖరీదైనదయ్యే కొద్దీ, మార్పు చవగ్గా ఉన్న దశలోనే తయారీ జ్ఞానాన్ని లోపలికి తేవాల్సిన అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు. నియంత్రణ సంస్థలు కూడా ఈ దిశలో కొంత కదిలాయి. మందుల అభివృద్ధిపై అంతర్జాతీయంగా అంగీకరించిన ఐసీహెచ్ క్యూ8 మార్గదర్శకం డిజైన్ స్పేస్ అనే భావనను తెచ్చింది. ఉష్ణోగ్రత, కలిపే వేగం, తేమ వంటివి ఏ హద్దుల మధ్య మారినా నాణ్యత చెడదని కంపెనీ ముందే శాస్త్రీయంగా నిరూపించి అనుమతి పొందితే, ఆ హద్దుల్లో జరిగే సర్దుబాట్లను మార్పుగా లెక్కించరు. ఈ స్వేచ్ఛ ఊరికే రాదు. ప్రయోగశాల ఫ్లాస్కులో జరిగిందీ వేల లీటర్ల రియాక్టరులో జరిగేదీ రెండూ తెలిసిన జట్టు మాత్రమే ఆ హద్దులను గీయగలదు. ఫ్లాస్కులో క్షణాల్లో చల్లబడే ద్రవం పెద్ద రియాక్టరులో గంటలు తీసుకోవచ్చు, ఆ గంటల్లో కొత్త మలినం పుట్టవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్లలో, ప్రయోగశాల పద్ధతిని ప్లాంటుకు బదిలీ చేసే టెక్ ట్రాన్స్‌ఫర్ పనిలో ఉన్నవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చిన్న కంపెనీలు ఇంత భారం మోయలేవన్నది మూడో అభ్యంతరం. ఇరవైమంది ఉద్యోగులున్న స్టార్టప్ దగ్గర అచ్చుల నిపుణుడూ, స్టెరిలైజేషన్ నిపుణుడూ, నిబంధనల నిపుణుడూ ఉండరు. ఇది నిజమే. అయితే దానికి మందు మినహాయింపులు కాదు, ఉమ్మడి వనరులు. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌ను ఆ ఆలోచనతోనే కట్టారు. తయారీ షెడ్ల పక్కనే విద్యుదయస్కాంత పరీక్షల ప్రయోగశాల, గామా కిరణాలతో సూక్ష్మజీవులను చంపే కేంద్రం, నమూనాలు చేసే సౌకర్యాలు ఒకే ఆవరణలో ఉంటే చిన్న కంపెనీ కూడా డిజైను దశలోనే తయారీ ప్రశ్నలు అడగగలదు. గామా కిరణాలు కొన్ని ప్లాస్టిక్‌లను పసుపుపచ్చగా మార్చి పెళుసు చేస్తాయి. ఆ సంగతి ప్లాస్టిక్ ఎన్నుకునే రోజునే తెలియాలి, వేల పెట్టెలు ప్యాకయ్యాక తెలిస్తే లాభం లేదు. శ్రీ చిత్ర సంస్థకు తన సొంత ఆసుపత్రి ఎలా ఉపయోగపడిందో, ఈ ఉమ్మడి ప్రయోగశాలలు చిన్న కంపెనీలకు అలా ఉపయోగపడాలి. వాటిని అనుమతి పత్రం కోసం చివర్లో తొక్కే గడపగా కాక, మొదటి నమూనా నుంచే వాడుకునే కంపెనీలే నిలదొక్కుకుంటాయని నా నమ్మకం.

మన ఇంజనీరింగ్, ఫార్మసీ కళాశాలల్లో డిజైను ఒక సబ్జెక్టు, ఉత్పత్తి ఇంకో సబ్జెక్టు, నిబంధనలు చాలాచోట్ల ఐచ్ఛికం. ఫార్మసీ విద్యార్థి రియాక్టరును దూరం నుంచి చూస్తాడు. మెకానికల్ విద్యార్థి తను గీసిన భాగాన్ని అచ్చులో తీసి, విరగ్గొట్టి, ఎందుకు విరిగిందో రాయకుండానే పట్టా పుచ్చుకుంటాడు. దేశ మందుల ఎగుమతుల్లో పెద్ద వాటా మోస్తున్న తెలంగాణలో, వైద్య పరికరాల తయారీకి నేల సిద్ధం చేసుకున్న ఆంధ్రప్రదేశ్‌లో విశ్వవిద్యాలయాలు ఈ మూడింటినీ కలిపి కనీసం ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా చేయించాలి: ఒక వస్తువును గీయడం, చిన్న బ్యాచుగా తయారుచేయడం, నిబంధన ప్రకారం అది పనికొస్తుందని నిరూపించడం. దానికి కావలసిన ప్లాంట్లు, ప్రయోగశాలలు చాలా కళాశాలలకు అందుబాటు దూరంలోనే ఉన్నాయి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి నా విన్నపం ఇంకా చిన్నది. ఈసారి మార్పును ఆమోదించే ఛేంజ్ కంట్రోల్ ఫారం మీ ముందుకు వచ్చినప్పుడు సంతకం పెట్టేముందు, ఆ వస్తువును మొదట రూపొందించినవారికీ, ఇప్పుడు దాన్ని యంత్రం మీద నడుపుతున్నవారికీ ఒక్కసారి ఫోన్ చేయండి.